పన్నెండు గంటల దగ్గరి కుట్టు

శుక్లం ఆపరేషన్ అంటే ఇప్పుడు కుట్టు కూడా పడదు, చిటికెలో అయిపోతుందని అందరూ అంటారు. నా కుడికన్నుకి అలా కాలేదు. శుక్లం బాగా ముదిరి గట్టిపడిపోయిందట. చిన్న రంధ్రంలోంచి తీయడం కుదరక కోత పెద్దది చేసి, లెన్స్ పెట్టి కుట్లు వేశారు. ఇదంతా డిశ్చార్జి కాగితంలో ఉంది. నోటితో మాత్రం ఎవరూ చెప్పలేదు.

కట్టు విప్పాక వెలుతురైతే బాగా వచ్చింది. వాళ్ళ చేతులకి దణ్ణం పెట్టాల్సిందే. కానీ అక్షరాలు కుదురుగా నిలిచేవి కావు. గుంటూరు బస్టాండులో తెనాలి బస్సు బోర్డు చూస్తే ప్రతి అక్షరానికీ ఒక నీడ. చెకప్‌లో ఆ మాట చెప్తే మెషీన్ దగ్గరున్న కుర్రడాక్టరు తలెత్తకుండానే, "ఈ వయసులో ఇంకెంత కనిపించాలమ్మా? సీరియల్స్ చూస్తున్నారుగా!" అన్నాడు. వెనక వరసలో ఎవరో నవ్వారు. రిటైరయ్యేదాకా పిల్లల తెలుగు పేపర్లు దిద్దినదాన్ని. ఏమీ అనకుండా బయటికొచ్చేశాను గానీ, ఆటోలో ఇంటిదాకా నోరు పెగల్లేదు.

రెండు నెలలు కావస్తుండగా ఒక అర్ధరాత్రి కంట్లో ఇసుక పడ్డట్టు గుచ్చుకోవడం మొదలైంది. మా ఆయన మిర్చి యార్డులో గుమస్తా. సీజన్లో ఆయన చొక్కా దులిపితే ఇల్లంతా తుమ్ములే. ఆయన తువ్వాలు నా కంటికి తగిలిందేమోనని నిద్రలేపి మరీ అరిచాను. అద్దంలో చూస్తే కన్ను ఎర్రగా ఉంది, నీళ్ళు ధారగా కారుతున్నాయి. చీము పడితే కన్నే పోతుందని వార్డులో ఎవరో అన్న మాట అప్పుడే గుర్తురావాలా! ఎడమకన్ను మూసుకుని ఫ్యాన్ రెక్కలు కనిపిస్తున్నాయా, గోడమీద గడియారం కనిపిస్తోందా అని పదేపదే చూసుకున్నాను. మంగళగిరి పానకాలస్వామికి మొక్కుకున్నాను. కోడలు లేచొచ్చి, "అత్తయ్యా, నలపకండి" అంటూ నా రెండు చేతులూ పట్టుకుని తెల్లవార్లూ కూర్చుంది. మా ఇద్దరికీ పెద్దగా పడదు. ఇప్పటికీ వంటింట్లో పేచీలు ఉన్నాయి. కానీ ఆ రాత్రి సంగతి వేరు.

పొద్దున్నే పెద్ద డాక్టరమ్మ చూశారు. ఒక కుట్టు తెగి, దాని కొస పైకి లేచి రెప్పకి గీసుకుంటోందట. ఇన్‌ఫెక్షన్ లేదు. ఆ ముక్క తీసేసి, అంతటితో పంపేయకుండా నల్లగుడ్డు వంపు కొలిపించారు. కాగితం మీద గుండ్రంగా గీసి, గడియారంలో పన్నెండు ఉండేచోట గీత పెట్టారు. "ఇక్కడి కుట్టు బిగుసుకుపోయి నల్లగుడ్డుని లాగుతోందమ్మా. అందుకే సిలిండర్, అంటే వంపు తేడా వల్ల పడే పవరు, మూడున్నర ఉంది. గాయం మానకముందే విప్పితే కోత విడిపోవచ్చు, అందుకే ఇన్నాళ్ళు ఆగాం" అన్నారు. తల వెంట్రుక కంటే సన్నటి నైలాన్ దారం అది! ఈ నాలుగు ముక్కలు మొదట్లోనే చెప్పి ఉంటే నా సొమ్మేం పోయేది, వాళ్ళ సొమ్మేం పోయేది? చూపు ఇక ఇంతేనని రాత్రుళ్ళు ఏడ్చేదాన్ని కాదు కదా.

ఎరుపు తగ్గాక ఆ కుట్టూ తీశారు. చుక్కలు వేసి, గడ్డం మెషీన్ మీద ఆనించి, సూది మొనతో తెంపి లాగేశారు. నొప్పేమీ లేదు. యాంటీబయాటిక్ చుక్కలు రాసిచ్చారు. తర్వాత కొలిస్తే సిలిండర్ ఒకటికి దిగింది. కొలత నిలకడగా ఉందని చూసుకున్నాకే అద్దాలు రాశారు. మీ ఇంట్లో ఎవరికైనా కుట్లు పడితే, అవి తీసి చూపు కుదురుకునేదాకా ఖరీదైన కళ్ళజోడు కొనకండి. కన్ను ఎర్రబడి నొప్పెట్టినా, చూపు తగ్గినా తెల్లారేదాకా ఆగకండి.

మంగళగిరి వెళ్ళి స్వామికి పానకం పోయించి వచ్చాం. ఎడమకంట్లోనూ శుక్లం ఉంది. అదీ ముదరకముందే సంక్రాంతి వెళ్ళగానే చేయించాలని కోడలు ఇప్పటినుంచే పట్టుబట్టి కూర్చుంది.