అన్నం ముందు లొల్లి

నేను అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌ని. మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ వైపు. ఊళ్లు, తండాలు కలిపి నా సెక్టార్‌లో పాతిక దాకా సెంటర్లున్నాయి. నెలనెలా జరిగే సెక్టార్ మీటింగ్‌లో రిజిస్టర్లు, గుడ్ల లెక్కలు, పిల్లల బరువులు, యాప్ ఎంట్రీలు అన్నీ అయ్యాక "ఇంకేమన్నా చెప్పేది ఉందా?" అని అడుగుతాను. సగం మంది చెప్పేది ఒకటే: "మేడమ్, ఒక్క పోరడున్నడు, వాడొచ్చిననాడు సెంటరంతా ఆగమాగం." కొరుకుతాడు, తోస్తాడు, పక్కపిల్ల పలక గుంజుకుంటాడు, అందరూ పాట పాడుతుంటే లేచి వాకిట్లోకి ఉరుకుతాడు. అలాంటివాడు, లేదా అలాంటిది, దాదాపు ప్రతి సెంటర్‌లోనూ ఒకరుంటారు. ఈ పిల్లలతో ఎలా నెట్టుకురావాలో టీచర్లకు ఎలా నేర్పాలన్నది ఎప్పటినుంచో నా మనసులో నలుగుతున్న సంగతి. అందుకే ఇది రాస్తున్నాను.

మా టీచర్లలో చాలామంది గోడకుర్చీలు, గుంజీలు, తొడపాశాలు తిని చదువుకున్నవాళ్లే. బెత్తం లేని బడిని వాళ్లు చూడలేదు. ఇప్పుడు చేయి ఎత్తకూడదని అందరికీ తెలుసు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడుల్లో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. అది ఆరేళ్లు దాటిన పిల్లల చట్టం కదా, మాకెందుకు అంటారు కొందరు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్‌కు ఆ వయసు తేడా లేదు. పిల్లల సంరక్షణ చూసే సంస్థలో ఉద్యోగి పిల్లల పట్ల క్రూరంగా ప్రవర్తిస్తే ఐదేళ్ల వరకు కఠిన జైలుశిక్ష, ఐదు లక్షల వరకు జరిమానా పడవచ్చు. ఇది మీటింగ్‌లో చదివి వినిపిస్తే గది నిశ్శబ్దమైపోతుంది. ఆ తర్వాత ఒకావిడ మెల్లగా అడుగుతుంది: "కొట్టొద్దన్నరు, సరే మేడమ్. మరి ఏం జెయ్యాలె?" ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వకుండా చట్టం ఒక్కటే చెప్పి పంపితే, దెబ్బ స్థానంలో బెదిరింపు వస్తుంది. బూచోడొస్తాడు, పోలీసోళ్లకు పట్టిస్తా, ఏఎన్ఎమ్ అక్కతో సూది పొడిపిస్తా. ఈ సూది బెదిరింపు మీద నాకు చాలా కోపం. టీకాలు వేసేది మన సెంటర్లోనే. నెలంతా సూదిని బూచిలా చూపించి, టీకా రోజున పిల్లలు మంచం కింద దూరుతున్నారని మళ్లీ మనమే తిడతాం.

శిక్షణలు లేవని కాదు. 2023లో కేంద్రం 'పోషణ్ భీ పఢాయీ భీ' (పోషణతోపాటు చదువు కూడా) అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ముందు మాలాంటి సూపర్‌వైజర్లకు, తర్వాత మా ద్వారా టీచర్లకు మూడు రోజుల శిక్షణ. 2024లో అంగన్‌వాడీ పిల్లల కోసం వచ్చిన 'ఆధారశిల' పాఠ్యప్రణాళికలో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. మొదటి నాలుగు వారాలు పిల్లలు ఇంటి నుంచి సెంటర్‌కు అలవాటు పడటానికే, తేలికైన ఆటపాటలకే కేటాయించారు. జూన్‌లో మూడేళ్ల పిల్లను తీసుకొచ్చి మొదటి రోజే పలక పట్టించే చోట ఏడుపులు, కొట్లాటలు ఎందుకు ఎక్కువో దీంతో టీచర్లకు అర్థమవుతుంది. కానీ హాల్లో ఫ్యాన్ కింద కూర్చుని విన్నది, పద్దెనిమిది మంది పిల్లలు ఒక్కసారి లేచి ఉరికినప్పుడు గుర్తుకు రాదు. అది ఎవరి తప్పూ కాదు. ఈత ఒడ్డున కూర్చుంటే రాదు కదా.

అందుకే నేను టీచర్లతో ముందు చేయించేది ఒక పని. నోట్‌బుక్‌లో పేజీని మూడు నిలువు గడులుగా గీయమంటాను. గొడవకు ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, ఆ తర్వాత ఎవరెవరు ఏం చేశారు. వారం పాటు రాయాలి, అంతే. "వాడు మొండోడు", "వాళ్ల నాయన గట్లనే ఉండె" లాంటివి అందులో రాయకూడదు. కంటికి కనిపించింది, చెవికి వినిపించింది మాత్రమే రాయాలి. ఇది వినడానికి సులువుగా ఉంటుంది గానీ మొదట్లో అందరూ మధ్య గడి ఒక్కటే నింపుకొస్తారు. ముందు ఏం జరిగిందో చూడటం నిజంగా కష్టం. గొడవ మొదలయ్యేదాకా మనం వాడివైపు చూడం మరి!

ఒక సెంటర్ సంగతి చెబుతాను. అద్దె ఇల్లు, ఒకటే గది, బయట వేపచెట్టు కింద బకెట్టు, మగ్గు. నాలుగేళ్ల పిల్లాడొకడు రోజూ ఎవరినో ఒకరిని కొడుతున్నాడని టీచర్ ఫిర్యాదు. వారం తర్వాత నోట్‌బుక్ తెరిచి ఇద్దరం చదివాం. గొడవల్లో చాలావరకు చేతులు కడుక్కునే సమయానికి, ప్లేటులో అన్నం పడే సమయానికి మధ్యనే ఉన్నాయి. మరుసటి వారం నేను వెళ్లి అక్కడే కూర్చున్నాను. ఆయా వంటగదిలో పప్పు దించుతోంది. టీచర్ హాజరు కోసం ఫోన్ పట్టుకుంది. "పోండి, చేతులు కడుక్కోండి" అనగానే పిల్లలంతా ఒకే బకెట్టు మీద పడ్డారు. పెద్ద పిల్లలు ముందు, ఈ పిల్లాడు వెనక. పొద్దున ఏమీ తినకుండా వచ్చాడు, అన్నం వాసన వస్తోంది, నీళ్లు అందడం లేదు, ముందు ఉన్నవాడు మగ్గు వదలడం లేదు. వెనక నుంచి తోశాడు. ముందున్న పిల్ల బకెట్టు మీద పడింది. అప్పుడు టీచర్ తల ఎత్తింది, ఆమె కంటికి కనిపించింది ఆ తోపు ఒక్కటే.

వాడిని ఏమీ అనకుండా ఆ సమయాన్ని మార్చాం. ఐదుగురు ఐదుగురుగా కడుక్కోవడం. మిగిలినవాళ్లు గదిలోనే టీచర్‌తో వేళ్ల ఆట పాట పాడుతుంటారు. ఫోన్ పని భోజనాలయ్యాకే. ఆయా పప్పు పది నిమిషాలు ముందే దించి మగ్గు తను పట్టుకుంటుంది. ఈ పిల్లాడికి చాపలు పరిచే పని. ఇక్కడ టీచర్ అడ్డుపడింది: "అల్లరి జేసినోనికే పని అప్పజెప్తే మిగిలిన పోరగాళ్లు ఏమనుకుంటరు మేడమ్?" న్యాయమైన ప్రశ్న. పనులు అందరికీ వంతులవారీగా ఇద్దాం, కాకపోతే వాడి వంతు వాడికి కష్టమైన వేళలో పెడదాం అని ఒప్పుకున్నాం. గొడవలు పూర్తిగా పోలేదు. వాడు ఇప్పటికీ అప్పుడప్పుడు తోస్తాడు. కానీ రోజూ జరిగేది వారానికోసారి అయింది. అంతకంటే ముఖ్యం, టీచర్‌కు వాడి మీద కోపం తగ్గింది.

మెచ్చుకోవడం నేర్పడం ఇంకో పెద్ద పని. మావాళ్లు "వెరీగుడ్" తప్ప ఇంకోటి అనరు. అది కూడా పద్యం అప్పజెప్పినప్పుడే. పెద్దవయసు టీచర్లకు ఇంకో జంకు: పొగిడితే నెత్తికెక్కుతారని, దిష్టి తగులుతుందని. వాళ్లకు నేను చెప్పేది, పిల్లను కాదు, పిల్ల చేసిన పనిని చెప్పండి అని. "బొమ్మ లక్ష్మికిచ్చినవ్, అది నవ్వుతున్నది చూడు." "ఇయ్యాల నీ వంతు వచ్చేదాకా ఆగినవ్." దానికి దిష్టి తగలదు. మీటింగ్‌లో జంటలుగా కూర్చోబెట్టి ఒకరిని పిల్లలా, ఒకరిని టీచర్‌లా చేయిస్తాను. మొదట నవ్వుకుంటారు, సిగ్గుపడతారు. రెండుమూడు సార్లు నోటితో అన్నాకే ఆ మాటలు సెంటర్‌లో వస్తాయి. రోజంతా అల్లరి చేసే పిల్లాడు మంచిగా ఉండే నాలుగు నిమిషాలు కూడా ఉంటాయి. ఆ నాలుగు నిమిషాలు ఎవరి కంటా పడకపోతే, పెద్దవాళ్లు తనవైపు చూడాలంటే ఎవరినో ఒకరిని తోయాలని వాడు నేర్చుకుంటాడు.

చెప్పే తీరు కూడా అంతే. గడప దగ్గర నిలబడి "ఉరకకండ్రా, లొల్లి చెయ్యకండి" అని అరిస్తే మూడేళ్ల పిల్లకు ఏం చేయాలో తెలియదు. దగ్గరికి పోయి, కిందికి వంగి, పేరు పెట్టి పిలిచి, ఒక్క పని చెప్పి, కాసేపు ఆగాలి. "మెల్లగ నడువు." "పలక ఇక్కడ పెట్టు." పిల్లాడు పెద్దగా ఏడుస్తూ కాళ్లు కొట్టుకుంటున్నప్పుడు మాత్రం బుద్ధి చెప్పకూడదు, అప్పుడు ఏ మాటా చెవికెక్కదు. ఎవరికీ దెబ్బ తగలకుండా చూసి పక్కన కూర్చుంటే చాలు. కొరికినప్పుడు ముందు కొరికించుకున్న పిల్లను దగ్గరికి తీసుకోవాలి. తర్వాత కొరికినవాడికి రెండు మాటలు, అంతే. సాయంత్రం ఆ పిల్ల తల్లి వాకిట్లోకి వచ్చి గట్టిగా అడిగినప్పుడు ఏం చెప్పాలో కూడా శిక్షణలో ఉండాలి. ప్రస్తుతం ఆ పాట్లు టీచర్ ఒక్కతే పడుతోంది.

కొన్నిసార్లు నోట్‌బుక్ మనల్ని వేరే దారిలోకి తీసుకుపోతుంది. తండాల పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. "వరుసల నిలబడు" అని తెలుగులో చెబితే కదలని పిల్లాడు, ఆయా లంబాడీలో చెప్పగానే వెళ్లి నిలబడ్డాడు. ఇంకో చోట తల్లిదండ్రులు హైదరాబాద్‌కు ఇళ్లు కట్టే పనికి పోయి పిల్లను అమ్మమ్మ దగ్గర వదిలిన వారం నుంచే కొరకడం మొదలైంది. మరో సెంటర్‌లో వెనక నుంచి పిలిస్తే తిరగని పిల్లకు ఎప్పుడూ చెవి కారుతుండేది. పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ కార్యక్రమం ఆర్‌బీఎస్‌కే డాక్టర్ల బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఆ రోజు చూపించాలని పేరు ముందే రాసి పెట్టాం. మందులు పడ్డాక పిల్ల మారింది. అల్లరి పిల్ల అని తేల్చే ముందు చెవి, ఆకలి, నిద్ర, ఇంటి భాష, ఇంట్లో ఈ మధ్య ఎవరు ఊరు విడిచారు, ఇవన్నీ అడగాలని ఇప్పుడు నా టీచర్లకు నోటికొచ్చింది.

ఈ పని మన దగ్గరే కాదు. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని పేద బస్తీల్లో 24 ప్రీస్కూళ్లలో హెలెన్ బేకర్ హెన్నింగమ్ అనే పరిశోధకురాలి బృందం ఇలాంటి శిక్షణనే పరీక్షించి, 2012లో ఫలితాలు ప్రచురించింది. టీచర్లకు వర్క్‌షాపులు పెట్టి, ఆ తర్వాత శిక్షకులు వాళ్ల తరగతి గదులకు వెళ్లి సాయం చేశారు. శిక్షణ పొందిన బడుల్లో పిల్లల అల్లరి తగ్గింది, కలిసిమెలిసి ఉండటం పెరిగింది. అక్కడా డబ్బు తక్కువ, పిల్లలు ఎక్కువ, కొట్టడం మామూలు. తర్వాత అదే బృందం టీచర్లు పిల్లల మీద చేయి చేసుకోవడాన్ని తగ్గించేందుకు ఇంకో శిక్షణ తయారుచేసింది. అదీ పనిచేసింది. ఇది చదివినప్పుడు నాకు చాలా ధైర్యం వచ్చింది. నేను కోరేది కూడా ఇదే. మూడు రోజుల హాలు శిక్షణ తర్వాత ప్రతి టీచర్ సెంటర్‌కూ ఎవరో ఒకరు కనీసం రెండుసార్లు వెళ్లి కూర్చోవాలి. తనిఖీకి కాదు, పక్కన ఉండి చేయించడానికి.

దీనికి అడ్డం మా సమయమే. బరువులు, ఎత్తులు, పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎంట్రీలు, రేషన్ ఇచ్చేటప్పుడు తల్లుల ముఖ గుర్తింపు. నెట్ రాకపోతే ఒక్కో ఎంట్రీకి టీచర్ పావుగంట ఫోన్ వైపే చూస్తుంది, గదిలో ఏ గొడవైనా మొదలయ్యేది ఆ పావుగంటలోనే. ఈ మాట ప్రాజెక్టు మీటింగ్‌లో చాలాసార్లు చెప్పాను, మళ్లీ చెబుతాను. పిల్లలు గదిలో ఉన్న గంటల్లో యాప్ పని అడగకూడదు.

నేను సెంటర్‌కు వెళ్లినప్పుడు నింపే ఫారంలో టీచర్ పిల్లలతో ఎలా మాట్లాడిందో రాసే గడి లేదు. అందుకే నాకోసం విడిగా ఒక పుస్తకం పెట్టుకున్నాను. వచ్చే సోమవారం కొత్తగా చేరిన ఒక టీచర్ సెంటర్‌కు వెళ్తున్నాను. ఆమె నోట్‌బుక్‌లో గొడవలన్నీ మధ్యాహ్నం పిల్లలు నిద్ర లేచాక మొదలవుతున్నాయి. నిద్రపోని ఇద్దరు పిల్లలు ఆ గంటసేపు ఏం చేస్తున్నారో చూడాలి.