ఆ తోడు ఎన్నేళ్లది?

స్పెయిన్ దక్షిణాన, అట్లాంటిక్ తీరానికి దగ్గరలో హెరెస్ అనే ఊరుంది. ఆ పేరే ఇంగ్లీషువాళ్ల నోట ‘షెర్రీ’ అయింది, ఇక్కడి వైన్‌ను అలాగే పిలుస్తారు. ఆ ఊళ్లోనే ఒక వైన్ గిడ్డంగిలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. చేరిన కొత్తలో నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటే: ఇక్కడ పీపాను ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేయరు.

పీపాలను వరుస మీద వరుసగా పేరుస్తారు. అడుగు వరుస పేరు సొలేరా. సీసాల్లోకి వెళ్లే వైన్ అందులోదే, అదీ సాధారణంగా మూడో వంతుకు మించి తీయరు. అక్కడ తగ్గినంత పై వరుస నుంచి, ఆ వరుసలో తగ్గినంత దాని పై వరుస నుంచి నింపుతారు. కొత్త వైన్ చేరేది అన్నిటికన్నా పై వరుసలోకి. అందుకే సీసా మీద ద్రాక్ష పండిన సంవత్సరం ఉండదు. ఎన్ని పంటలు అందులో కలిసి ఉన్నాయో ఎవరు చెప్పగలరు?

600 లీటర్ల పీపాలో 500 లీటర్లే పోస్తారు. పైన మిగిలిన ఖాళీలో గాలి ఆడుతుంది కాబట్టి వైన్ మీద ఈస్ట్ పొర కడుతుంది. దాన్ని ‘ఫ్లోర్’ అంటారు, పువ్వు అని అర్థం. దీపం పట్టి చూస్తే కాచి చల్లార్చిన పాల మీది మీగడలా ముడతలు పడి ఉంటుంది. ఫీనో రకం వైన్‌కు ఆ లేత రంగు నిలిచేది ఈ పొర గాలిని తగలనివ్వకపోవడం వల్లే. ఆల్కహాల్ 15 శాతం దగ్గర ఉంటే పొర బతుకుతుంది, 17 దాటితే చచ్చిపోతుంది. అప్పుడు గాలి తగిలి ముదురు రంగు తిరిగేది ఒలొరోసో. వేసవిలో తూర్పు నుంచి లెవాంతె అనే పొడిగాలి కొడుతుంది. ఆ రోజుల్లో పొర ఎండకుండా గిడ్డంగి ఇసుక నేలను నీళ్లతో తడుపుతాం.

కొత్త వైన్ పోసేటప్పుడు ఈ పొర చెదరకూడదు. చిల్లుల గొట్టాన్ని పొర కిందికి దించి సన్నటి ధారగా వదలాలి. మొదటి ఏడాది నేను తొందరపడ్డాను. పొర చిరిగి, ముక్కలు ముక్కలుగా మునిగిపోయింది. మా మేస్త్రీ కసరలేదు. ఆ పీపా మీద సుద్దతో గుర్తు పెట్టి, రోజూ పొద్దున్నే వచ్చి చూడమన్నాడు. పొర మళ్లీ అంచుల నుంచి అల్లుకొని నడిమికి చేరేదాకా నా రోజు ఆ పీపా దగ్గరే మొదలయ్యేది.

ఒక మధ్యాహ్నం ఆయనకు మా ఇంటి పెరుగు సంగతి చెప్పాను. కాస్త తోడు తీసి పక్కన పెట్టనిదే నాయనమ్మ పెరుగు గిన్నెను కడగనిచ్చేది కాదని నా వచ్చీరాని స్పానిష్‌లో వివరించాను. ఆయన చేతిలోని గ్లాసు కింద పెట్టి, “ఆ తోడు ఎన్నేళ్లది?” అని అడిగాడు. ఇరవై ఏళ్లు ఆ పెరుగే తిన్నాను, ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. “ఇప్పటికీ మీ నాయనమ్మ తోడేరా,” అంది. “ఆవిడ పోయినప్పుడు మైల కదా, పది రోజులు పొయ్యి వెలిగించలేదు. తోడు పోతుందని గిన్నె పక్కింట్లో ఇచ్చాను. పదకొండో రోజు వాళ్లే తెచ్చి ఇచ్చారు.”