గెలిచిన నగరం వెంటనే మనది కాదు

సామ్రాజ్యాన్ని నిర్మించే కంప్యూటర్ ఆట సివిలైజేషన్ 5లో ఒక నగరాన్ని ముట్టడించి పట్టుకోగానే సాధారణంగా మూడు దారులు కనిపిస్తాయి: దానిని నేలమట్టం చేయడం, పప్పెట్‌గా, అంటే సామంత నగరంగా ఉంచడం, లేదా నేరుగా మన పాలనలో కలుపుకోవడం. సీతమ్మధారలోని మా ఇంట్లో తమ్ముడితో కలిసి ఆడిన తొలి రోజులలో నేను ఎప్పుడూ మూడో దారినే ఎంచుకునేవాడిని. అది తొందరపాటని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

పట్టుబడిన నగరం తన జనాభాను బట్టి కొన్ని టర్నుల (ఆటలోని వంతుల) పాటు ప్రతిఘటిస్తుంది. అది చల్లారిన తరువాత కూడా, కలుపుకున్న నగరంలో న్యాయస్థానం కట్టేవరకు, అక్కడి అదనపు అసంతృప్తి సామ్రాజ్యమంతటికీ భారమవుతుంది. సామ్రాజ్యపు మొత్తం సంతోషాన్ని చూపే అంకె సున్నా కంటే దిగువకు పోతే మన సొంత నగరాల పెరుగుదల కూడా మందగిస్తుంది. అందువల్ల ముందుగా సామంత నగరంగానే ఉంచి, ఏమి కట్టాలో నిర్ణయించే అధికారాన్ని కొంతకాలం వదులుకుని, న్యాయస్థానం కొనడానికి సరిపడా బంగారం చేరాకే కలుపుకుంటున్నాను.

సింహాచలం వెళ్లినప్పుడల్లా నాకు శ్రీకృష్ణదేవరాయలు గుర్తుకు వస్తాడు. కళింగను ఏలిన గజపతులపై దండయాత్రలో ఇంత దూరం వచ్చి, 1516లో స్వామిని దర్శించిన రాయలు, చివరకు కృష్ణా నదికి ఉత్తరాన గెలిచిన నేలను ప్రతాపరుద్ర గజపతికే తిరిగి ఇచ్చి సంధి చేసుకున్నాడు. ఆ నిర్ణయంలోని వివేకం నాకు ఈ ఆట వల్లనే మరింత బాగా అర్థమైంది.

కొత్త నగరం పట్టుబడినప్పుడల్లా తమ్ముడు, “అన్నయ్యా, కలిపేద్దామా?” అని అడుగుతాడు. ముందు సంతోషం అంకె చూడమంటాను.