కూచిపూడి సాధన లాగ్: గురువు కన్ను ఎవరి దగ్గర ఆగుతుంది (1–8 వారాలు)

లక్ష్యం ఒకటే: ఒకసారి దిద్దిన తప్పు తర్వాతి క్లాసులో మళ్లీ కనపడకూడదు. ఒళ్లు ఎంత తేలిగ్గా వంగుతుందన్న దానికంటే గురువు ముందు చూసేది ఇదే.

1వ వారం

కొత్త అడవు (నాట్యంలో చేతులు, కాళ్లు కలిపి చేసే ప్రాథమిక కదలిక) ఏదీ ఎత్తుకోలేదు. రోజుకు 25 నిమిషాలు: 8 ఒళ్లు వేడెక్కడానికి, 12 అరమండిలో (మోకాళ్లు పక్కలకు విప్పి సగం కూర్చునే భంగిమ) పాదాలు తట్టడానికి, 5 నోట్‌బుక్‌కి. నోట్‌బుక్‌లో మూడు గళ్లు: ఏం దిద్దారు, ఏ అడవులో, ఎన్నోసారి. మూడో గడిలో 3 పడిందంటే ఇంట్లో సాధన అవుతున్నది ఆ తప్పే. పక్కవాళ్లకు చెప్పిన దిద్దుబాట్లూ ఇందులోకే వస్తాయి. ముందు వరసలో ఎవరికో "మోచెయ్యి జారుతోంది" అంటే వెనక వరసలో తన మోచెయ్యి సరిచేసుకునే విద్యార్థి గురువు కంట ఇట్టే పడుతుంది.

అరమండిలో సాధారణంగా వచ్చే తప్పు మోకాళ్లు ముందుకు వాలి, నడుము వెనక్కి పోవడం. తుంటి దగ్గర కాలు ఎంత తిరుగుతుందో అంతకుమించి పాదాలు విప్పడమే కారణం. మోకాలి చిప్ప రెండో వేలికి సూటిగా ఉన్నంతవరకే పాదం విప్పాలి. బలవంతం చేస్తే మోకాలు మెలిపడుతుంది. లోపలివైపు చురుక్కుమంటే ఆ రోజుకి ఆపేయాలి. లోతు కాస్త తక్కువైనా ఫరవాలేదు, మూడు కాలాల్లోనూ (వేగాల్లోనూ) అదే లోతు నిలవాలి. మొదటి కాలంలో బాగా కూర్చుని మూడో కాలానికి లేచిపోయే అరమండి దూరం నుంచే తెలిసిపోతుంది.

2, 3 వారాలు

మెట్రోనోమ్ (లయ దెబ్బలు కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల దగ్గర. మొదటి కాలంలో దెబ్బకు ఒక అక్షరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. ముందు కాళ్లు కదపకుండా చేత్తో ఆదితాళం వేస్తూ (లఘువు, ద్రుతం అనే భాగాలతో: లఘువు 4, రెండు ద్రుతాలు 2+2, మొత్తం 8 దెబ్బలు) నోటితో సొల్లు (అడవుకు పలికే లయ అక్షరాలు) చెప్పాలి. నోరు తడబడిన చోటే తర్వాత కాలూ తడబడుతుంది. మూడో కాలం చెదిరితే 45కి దించి, రెండు రోజులకోసారి 3 చొప్పున పెంచాలి. వేగం పెరగగానే పాదం ఎత్తు తగ్గాలి, దెబ్బ మాత్రం తగ్గకూడదు. అలవాటు కొద్దీ అదే ఎత్తుకు లేపబట్టే ఆలస్యం వస్తోంది.

4వ వారం

హస్తాలు, అంటే చేతి ముద్రలు. తప్పులు రెండు: పతాకంలో (వేళ్లన్నీ చాచి కలిపే ముద్ర) బొటనవేలు బయటికి పొడుచుకు రావడం, త్రిపతాకంలో (ఉంగరపు వేలు మాత్రమే వంచే ముద్ర) ఉంగరపు వేలితోపాటు చిటికెన వేలూ వంగిపోవడం. రెండోది జరిగితే అది అర్ధపతాకం అయిపోతుంది. చెయ్యి వెళ్లిన చోటికి చూపు వెళ్లాలని నాట్యశాస్త్ర గ్రంథం అభినయ దర్పణం చెప్పిన మాట అడవులకూ వర్తిస్తుంది. అద్దం ముందే సాధన చేస్తే చూపు అద్దానికే అతుక్కుపోతుంది, అందుకే రోజు విడిచి రోజు అద్దానికి వీపు పెట్టాలి.

5, 6 వారాలు

తీర్మానం, అంటే నృత్యభాగాన్ని ముగించే లయ వరస. ఆదితాళం ఒక ఆవర్తనంలో (తాళం ఒక పూర్తి చుట్టు) రెండో కాలానికి 16 అక్షరాలు. మొదటి అక్షరం వదిలి "తదిగిణతోం" మూడుసార్లు చెబితే 15. మొత్తం 16 నిండి తర్వాతి దెబ్బ సరిగ్గా సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) మీద పడుతుంది. దాదాపు అందరూ మూడోసారి తొందరపడతారు. ముగింపు దగ్గరపడిందన్న ఊపులో "గిణ" నలిగిపోయి, సమం రాకముందే కాలు దిగుతుంది. మందు ఒకటే: మూడోదాన్ని విడిగా, 50 దగ్గర, చేతితాళంతో 20 సార్లు. సమం మీద నిశ్చలంగా ఆగి, ఆవర్తనం నిండేదాకా కదలకుండా నిలబడగలగడం గురువుకి చాలా చెబుతుంది.

7వ వారం

గజ్జెలు లేకుండా వీడియో. గజ్జెల మోతలో ఆలస్యంగా పడిన పాదం దాక్కుంటుంది, వట్టి పాదం దాచదు. ఫోన్ నడుము ఎత్తులో, మూడు మీటర్ల దూరంలో. ఒకటి ఎదురుగా, ఒకటి పక్కనుంచి. పక్కనుంచి తీసిన దాంట్లో చెవి, భుజం, తుంటి ఒకే గీతలో ఉన్నాయో లేదో చూడాలి. మూడో కాలంలో భుజాలు చెవులవైపు లేస్తున్నాయి, ఊపిరి బిగబట్టడం వల్ల. సొల్లు పైకి చెబుతూ చేస్తే ఊపిరి దానంతటదే ఆడుతుంది.

8వ వారం

మూడో గడిలో 3 పడినవి రెండే మిగిలాయి: మోచెయ్యి జారడం, ఎడమవైపు ఆలస్యం. కుడివైపు మూడో కాలం 60 దగ్గర నిలిచింది, ఎడమ 51 దగ్గరే ఉంది. వచ్చే వారం ప్రతి అడవూ ఎడమతో మొదలు, కుడికి ఒక వంతు, ఎడమకి రెండు.