తోక ఊడకుండా సెర్కేరియా నిలవడం లేదు

నత్తల నుంచి సెర్కేరియాలను, అంటే పరాన్నజీవి పురుగుల తోక ఉన్న ఈదే పిల్లలను, రాబట్టడం ఇప్పుడు బాగా చేతికొచ్చింది. గేదెలు దిగే చెరువులో పట్టిన ఇండోప్లానార్బిస్ నత్తల్లో ఒకటి, 14 మిల్లీమీటర్లది, ఈసారి తోక చివర రెండు పాయలుగా చీలిన సెర్కేరియాలను వదిలింది! ఫారింక్స్ (గొంతు దగ్గరి కండరం) కనిపించలేదు కాబట్టి రక్తనాళాల్లో బతికే పురుగు షిస్టోసోమానే అనుకుంటున్నాను. పశువులకు గురక వ్యాధి తెచ్చే షిస్టోసోమా నాసాలే పిల్లలు పెరిగేది ఈ నత్తలోనే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1933లో ఎం.ఎ.ఎన్. రావు దాన్ని వర్ణించారు. నా దగ్గరున్నది అదేనా అన్నది తోక చూసి తేల్చలేం.

అసలు తంటా మైక్రోస్కోప్ కింద వీటిని తోకతో సహా వీడియో తీయడంతోనే. స్లైడు మీద వేసిన రెండు మూడు నిమిషాలకే తోక ఊడిపోతోంది. తోక ఒక పక్క కొట్టుకుంటూ తిరుగుతుంది, ఒళ్లు ఇంకో పక్క సాగుతూ ముడుచుకుంటూ పాకుతుంది.

ముందు కవర్‌స్లిప్ బరువును అనుమానించాను. నాలుగు మూలలా వాజలీన్ చుక్కలు పెట్టి ఎత్తితే కాస్త నయం, అంతే. తర్వాత వేడి. హాలోజన్ దీపం కింద నీటి చుక్క 34 డిగ్రీలకు పోతోంది, గదిలో 28. ఎల్‌ఈడీకి మారితే ఐదారు నిమిషాలు ఆగింది. ఈ పనికి హాలోజన్ దండగ. వయసు సంగతీ ఉంది: ఇవి ఏమీ తినవు, ఒంట్లోని గ్లైకోజన్ మీదే ఒకటి రెండు రోజులు బతుకుతాయి. పొద్దున వచ్చినవాటిని సాయంత్రం తీస్తే తోక ఇంకా తొందరగా పోతోంది.

ఇప్పుడు నా గట్టి అనుమానం చేతి జిడ్డు మీద. చర్మంలోని కొవ్వు ఆమ్లాలు తగిలితే సెర్కేరియా తోక వదిలి లోపలికి దూరుతుంది. స్లైడుకు వేలి జిడ్డు అంటి ఉంటే దాని లెక్కకు గేదె దొరికినట్టే కదా! స్పిరిట్‌తో కడిగి, గ్లౌజులతో పట్టుకున్న స్లైడు మీద ఒకటి పది నిమిషాలు దాటింది. కానీ 40 ఎక్స్ లెన్సు తిప్పి ఫోకస్ కుదిరేలోపు అదీ వదిలేసింది. గ్లౌజులు ఎలాగూ తప్పవు. పశువుల రకాలు మన చర్మంలోకీ దూరతాయి, అక్కడే చచ్చి దురద పెడతాయి.

కాగితం మడిచి చేసే మైక్రోస్కోప్ ఫోల్డ్‌స్కోప్ చెరువు గట్టు మీద భలే పనికొస్తుంది, ఇంత చురుకైనవాటికి మాత్రం స్టీరియో మైక్రోస్కోపే ఉండాలి. ఈసారి నీటిని చిక్కబరిచే మిథైల్ సెల్యులోజ్ కలిపి నెమ్మదింపజేసి చూస్తాను.

తర్వాత లిమ్నియా నత్తల కోసం కాలువలు వెతకాలి. కార్జపు జలగ సెర్కేరియా గడ్డికి అతుక్కుని, తోక వదిలి, చుట్టూ గూడు కట్టుకుంటుంది. అక్కడ తోక ఊడటమే నాకు కావాలి. గ్లాసు లోపల సెల్లోఫేన్ చుట్టి పెడితే దానికే అతుక్కుంటాయి, ఆ ముక్క కత్తిరించి స్లైడు మీద పెట్టుకోవచ్చు.