డోలును గేటు దగ్గరకు పంపిన రోజు

చిన్ని పడుకుని గంట దాటింది. నాకే నిద్ర రావడం లేదు. దాని క్విజ్ పుస్తకంలోని ఒక్క వాక్యం సాయంత్రం నుంచి నన్ను వదలడం లేదు: "జాజ్ సంగీతం పుట్టిన సంవత్సరం 1917."

తప్పు అన్నాను. "పుస్తకంలో అలాగే ఉంది కదమ్మా" అంది. ఆయన పేపరులోంచి తలెత్తి, "ఒక మార్కు ప్రశ్నకు ఇంత వాదన దేనికి?" అన్నారు. మొదలుపెడితే నేను ఎక్కడ ఆగుతానో వాళ్లకూ తెలుసు, మీకూ తెలుసు. అందుకే ఊరుకున్నాను.

1917 ఫిబ్రవరి 26న న్యూయార్క్‌లో విక్టర్ కంపెనీ ఒక రికార్డు చేసింది. వాయించినవారు అమెరికా దక్షిణాన ఉన్న న్యూ ఆర్లీన్స్ నగరం నుంచి వచ్చిన అయిదుగురు తెల్లవారు, ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్. క్లారినెట్ కోడిలా కూస్తుంది, కార్నెట్ అనే చిన్న బాకా గుర్రంలా సకిలిస్తుంది. జాజ్ పేరుతో వెలువడిన మొదటి రికార్డు అదే, అంతవరకు నిజం. కానీ రికార్డు పుట్టిన తేదీని సంగీతం పుట్టిన తేదీ అని పిల్లల చేత బట్టీ పట్టించడం ఏమిటి? అప్పటికి పదేళ్ల కిందటే బడ్డీ బోల్డెన్ వాయించడం ముగిసిపోయింది. తన కార్నెట్‌తో న్యూ ఆర్లీన్స్ జనాన్ని పోగుచేసిన ఆ నల్లజాతి కళాకారుణ్ని 1907లో, ముప్పై ఏళ్లు నిండకముందే, పిచ్చాసుపత్రిలో చేర్చారు. 1931లో అక్కడే పోయాడు. ఆయన వాయించిన ఒక్క స్వరం కూడా ఇవాళ మనకు మిగల్లేదు. పైగా ఆ డిక్సీలాండ్ నాయకుడు నిక్ లరోకా, ఈ సంగీతంలో నల్లవారి ప్రమేయమే లేదని తర్వాతి రోజుల్లో వాదించాడు. తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

"1917 కొట్టేసి బోల్డెన్ అని రాయి" అన్నాను. చిన్ని బిక్కమొహం వేసింది.

గిన్నెలు కడుగుతుంటే అక్క పెళ్లి గుర్తొచ్చింది. బాబాయి టేప్‌రికార్డరు కొన్న కొత్త. మేళం మొత్తం క్యాసెట్టుకు ఎక్కించాలని పట్టుదల. స్నాతకం రోజున కాస్త ఎక్కించి వినిపిస్తే డోలు దెబ్బకు అంతా బరబర, సన్నాయి జాడే లేదు. వెంటనే డోలు వాయించే ఆయనను లేపి గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చోబెట్టాడు. సన్నాయి పందిట్లో, డోలు గేటు దగ్గర. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటేనే కదా మేళం! పాపం ఆయన మెడ సాచి సాచి పందిట్లోకి చూస్తూ వాయించాడు. ముహూర్తానికి "గట్టిమేళం" అని లోపలి నుంచి కేక వినబడగానే లేచి నిలబడి వాయించిన తీరుకు గేటు రేకు అదిరింది. దాన్ని పట్టుకుని నిలబడ్డ నా అరచేతికి ఆ అదురు ఇంకా గుర్తుంది. క్యాసెట్టులో మాత్రం పక్క వీధిలో ఎవరో తలుపు తడుతున్నట్టు ఉంటుంది. అది వినీ వినీ మావాళ్లు "ఆ పెళ్లికి డోలు అంతంతమాత్రమే" అని తేల్చేశారు. కాదని నేనొక్కదాన్నే చెబుతూ వచ్చాను.

1923 ఏప్రిల్‌లో ఇండియానాలోని రిచ్‌మండ్‌లో, జెన్నెట్ అనే రికార్డు కంపెనీ వారి గదిలో, కింగ్ ఆలివర్ జాజ్ బృందానికీ ఇదే గతి పట్టింది. మైకు లేదు. అందరూ గరాటులాంటి పెద్ద కొమ్ములోకి వాయించాలి. ఆ ధ్వనికి కదిలిన సూది మైనం మీద గీతలు గీస్తుంది. పెద్ద డ్రమ్ము కొడితే సూది ఎగిరిపడుతుందని డ్రమ్ములు వాయించే బేబీ డాడ్స్ చేత చెక్కలు వాయింపజేశారు. రెండో కార్నెట్ కుర్రవాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ధ్వని మిగతావారిని మింగేస్తోందని దూరంగా పంపారట. అక్కడ దిగులుగా నిలబడ్డాడని పియానో వాయించిన లిల్ హార్డిన్ తర్వాత గుర్తు చేసుకుంది. నల్లజాతి బానిసలు ఆదివారాలు కాంగో స్క్వేర్ అనే మైదానంలో చేరి డ్రమ్ములు కొట్టిన న్యూ ఆర్లీన్స్ సంగీతం అది. రికార్డుకు ఎక్కేసరికి ఆ డ్రమ్మే బయట ఉండిపోయింది.

ఇంతవరకూ రాశాక, పిల్లతో బోల్డెన్ అని రాయమనడమూ తొందరపాటే అనిపిస్తోంది. చర్చి పాటలు, నల్లవారి బ్లూస్ పాటలు, రాగ్‌టైమ్ అనే పియానో బాణీ, ఊరేగింపుల బ్యాండు మేళాలు, 1890లలో వర్ణవివక్ష చట్టాలు బిగిశాక నల్లవారి సరసకు నెట్టబడిన, స్వరలిపి చదివి వాయించే క్రియోల్ (మిశ్రమ సంతతి) కళాకారులు... ఇన్ని కలిసినదానికి ఒక్క మనిషి పేరు తగిలించడం న్యాయమా? అదీకాక, నేను తిట్టిపోసిన ఆ డిక్సీలాండ్ రికార్డులనే అయొవాలోని డావెన్‌పోర్ట్‌లో ఒక ఇంటికి సైన్యం నుంచి తిరిగొచ్చిన అన్న తెచ్చాడు. తమ్ముడు వాటిని వింటూ తనంతట తానే కార్నెట్ పట్టాడు. అతనే బిక్స్ బైడర్‌బెక్. 1924లో అదే రిచ్‌మండ్‌లో అతనూ రికార్డు చేశాడు. రికార్డులే లేకపోతే ఏమవుతుందో 1942 ఆగస్టులో తెలిసింది. రాయల్టీల కోసం అమెరికా వాద్యకారుల సంఘం రికార్డింగులు ఆపేసింది. చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ అనే కళాకారులు బీబాప్ అనే కొత్త జాజ్ బాణీని మలుస్తున్న రోజుల సంగీతంలో చాలా భాగం గాలిలో కలిసిపోయింది.

ఇందాక వంటింట్లో దీపం ఆర్పి ఆ 1923 రికార్డు ఒకటి విన్నాను. గీరుడు శబ్దం వెనక నుంచి ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చాడు. ప్రాణం లేచొచ్చింది.

చిన్ని పుస్తకంలో 1917 పక్కన పెన్సిలుతో "మొదటి రికార్డు మాత్రమే" అని రాసిపెట్టాను. రేపు బాబాయికి ఫోను చేయాలి. డోలు వాయించిన ఆయన పేరేమిటో అడగాలి.