పోపుల డబ్బాలో పెట్టిన చీటీ

ఒడిశాలోని గజపతి జిల్లాలో, కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డున మా ఊరు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. నాకు యాభై ఆరేళ్లు, తొమ్మిదేళ్లుగా షుగర్. దసరా ముందు శ్రీకాకుళంలో షుగర్ డాక్టరు గారు మందుల చీటీ చివర ఫ్లూ టీకా అని రాసి, కింద గీత గీశారు. దాదాపు రెండు వేలవుతుందన్నారు.

ఇంటికొచ్చి చెబితే బావగారు కసురుకున్నారు. "కరోనాకి రెండు సూదులు పొడిపించుకున్నాం, చాలదా? జలుబుకి కూడా సూదేనా అమ్మాయ్?" నాకూ ఆ మాటే నచ్చింది, ఆ డబ్బుతో పండక్కి బట్టలొస్తాయి కదా అనుకున్నాను. చీటీ మడిచి పోపుల డబ్బాలో పెట్టాను.

సంక్రాంతికి ఇంట్లో పదహారు మందిమి. భోగి నాడు హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లాడు దగ్గుతూనే ఉన్నాడు. కనుమ వెళ్లిన మర్నాడు నాకు జ్వరం తగిలింది. ఒళ్లంతా రోకలితో దంచినట్టు నొప్పులు. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి రెండు ఇంజెక్షన్లు చేసి, సెలైన్ ఎక్కించి, "ఈ సీజన్‌లో అందరికీ ఇదే, టెన్షన్ పడకండి" అన్నాడు. మూడు రోజులు అదే వైద్యం. ఆ ఇంజెక్షన్లు ఏమిటని మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు. టీకాకి వంద ప్రశ్నలు వేసినవాళ్లమే.

నాలుగో రాత్రి ఊపిరి అందలేదు. పడుకుంటే మునిగిపోతున్నట్టుంది, కూర్చుంటే దగ్గు. ఆటోలో ఒక నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లారు. అక్కడి కుర్ర డాక్టరు వేలికి క్లిప్పు పెట్టి చూశాడు, ఒంట్లో ఆక్సిజన్ 82కి పడిపోయింది. పక్కనున్న కాంపౌండర్‌తో ఒడియాలో అన్నాడు: ఈవిడ తెల్లారేదాకా ఉండదు, మన మీదికి రాకుండా పంపించెయ్.

తెలుగువాళ్లం, మాకర్థం కాదనుకున్నాడు. నేను ఒడియా బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ప్రతి అక్షరం అర్థమైంది. మా ఆయన మాత్రం కౌంటర్ దగ్గర డబ్బులు లెక్కపెడుతున్నారు. ఆయన్ని పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. ఏడాది కావస్తోంది. ఇప్పటికీ అర్ధరాత్రి మెలకువ వస్తే ముందు ఆ మాటే వినిపిస్తుంది. నాకు ఆయువు ఉందో లేదో చెప్పడానికి అతనెవరు? ఆక్సిజన్ పెట్టి పంపినా సరిపోయేది కదా.

108 వచ్చింది. సర్కారు ఆసుపత్రికి అనగానే మా వాళ్ల మొహాలు పాలిపోయాయి. అక్కడికెళ్తే కాటికి వెళ్లినట్టేనని మా ఇంట్లో ఎన్నిసార్లు అనుకున్నామో! ఆ రాత్రి నన్ను నిలబెట్టింది ఆ ఆసుపత్రే. డ్యూటీ సిస్టర్ ఒడియా అమ్మాయి. నా వెనక రెండు దిండ్లు పెట్టి, మాస్కు బిగించి, వచ్చీరాని తెలుగులో "మావుసీ, పడుకోవద్దు, కూర్చో" అంటూ తెల్లారేదాకా పది నిమిషాలకోసారి వచ్చి చూసింది. ఆమె చేతికి డెట్టాల్ వాసన. మధ్యలో ఒకసారి నా జడ విప్పి, చిక్కు తీసి మళ్లీ అల్లింది. ఎవరు చెప్పారమ్మా ఆమెకి, అది కూడా ఆమె పనేనా?

ఫ్లూ అని పరీక్షలో తేలింది, రెండు ఊపిరితిత్తులకీ న్యుమోనియా. ఫ్లూ మాత్రలు మొదటి రెండు రోజుల్లో వేసుకుంటే బాగా పనిచేస్తాయని, నేను ఆలస్యంగా వచ్చినా ఇంత తీవ్రంగా ఉంది కాబట్టి ఇస్తున్నామని పెద్ద డాక్టరు విడమరిచి చెప్పారు. తొమ్మిది రోజులున్నాను. మంచాలు చాలక నేల మీద పడుకున్నవాళ్లనీ చూశాను, కంపుకొట్టే బాత్రూములూ చూశాను. అవి బాగుచెయ్యమని అడగాలి. ఆసుపత్రినే తిట్టి మానెయ్యకూడదు.

పాతపట్నం నీలమణి దుర్గమ్మకి ముడుపు మొక్కుకున్నాను. ఈ దసరా వెళ్లాక తల్లికి అది చెల్లించి, అటు నుంచి అటే శ్రీకాకుళం వెళ్లి టీకా వేయించుకున్నాను. చెయ్యి ఒక రోజు సలిపింది, అంతే. ఏటా ఎందుకండీ అని అడిగితే, ఈ వైరస్ ఏడాదికేడాది రూపు మార్చుకుంటుంది, టీకానీ దానికి తగ్గట్టు మారుస్తారు అన్నారు డాక్టరు గారు. వేసిన రెండు వారాలకి గానీ పని మొదలవదు, అందుకే చలి ముదరకముందే వెళ్లాలి. వేయించుకుంటే జ్వరమే రాదని కాదు, నాలా ఆక్సిజన్ దాకా వెళ్లే ప్రమాదం తగ్గుతుంది. షుగర్, ఆయాసం ఉన్నవాళ్లు, ముసలివాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు మీ డాక్టరుని తప్పకుండా అడగండి.

మా ఊరి ఆశా కార్యకర్తని అడిగితే, పిల్లలకి ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు అక్కా అంది. రెండు వేలు నేను పెట్టగలిగాను. నా పొలంలో నాట్లు వేసే ఆమెకీ షుగరే. ఆమె ఎక్కణ్నుంచి తెస్తుంది? అది తలుచుకుంటే కోపం ఆగదు.

బావగారికి ఉబ్బసం. మొన్న ఆదివారం చీటీ తీసి ఆయన ముందు పెట్టాను, పసుపు అంటి అక్షరాలు సగం చెరిగిపోయాయి. ఇదివరకైతే లేచి వెళ్లిపోయేవారు. ఈసారి కళ్లజోడు తెప్పించుకుని చదివి, "ఎంతవుతుంది అమ్మాయ్?" అన్నారు.